ఒకే యంత్రంలో వేరు కుంపటి

ఇంటిలో వాడుకొనే కంప్యూటరులోనే మరొక కంప్యూటరును కల్పించి, దానికి వేరే ఆపరేటింగు సిస్టమును, వేరే ఫైళ్ళను ఇచ్చి, లోపల ఏమి జరిగినా బయటి యంత్రానికి సోకకుండా చూచుకోవడం నేడు కొద్ది నిమిషాల పని. అనుమానము కలిగించే ప్రోగ్రామును అందులో నడిపి చూడవచ్చును. చెడితే లోపలి కంప్యూటరును తుడిచివేసి కొత్తది తెరవవచ్చును. దీనిని మిథ్యాయంత్రము అందాము. ఒకే కప్పు క్రింద వేరు కుంపటి పెట్టుకోవడం వంటిదే ఇది. అయితే పెద్ద యంత్రాలు 1967 నాటికే ఒప్పుకొన్న ఈ ఏర్పాటుకు ఇంటెల్ జాతి చిన్న కంప్యూటర్లు చాలా కాలము లొంగలేదు.

ఈ ఆలోచన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జిలోని ఐ.బి.ఎమ్. సంస్థవారి కేంద్రంలో రూపొందింది. రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో ప్రభృతులు 1964లో పని ప్రారంభించారు. ఆనాడు కంప్యూటరు ఎంతో ఖరీదైన వస్తువు. పలువురు పంచుకొనక తప్పదు. 1967 జనవరిలో వాడుకలోకి వచ్చిన వారి సి.పి.-40 అనే పర్యవేక్షక ప్రోగ్రాము ఒక్క యంత్రాన్ని 14 యంత్రాలుగా చూపగలిగింది. ఎవరికి వారికి యంత్రమంతా తమదే అన్నట్లు ఉండేది. 1972లో దీని సంతతిని వి.ఎమ్./370 అనే పేరుతో ఆ సంస్థ మార్కెట్టులోకి తెచ్చింది.

ఇది ఎట్లు సాధ్యము? లోపలి వ్యవస్థ ఇచ్చే కూడికలు, తీసివేతల వంటి మామూలు ఆదేశాలను ప్రాసెసరు నేరుగానే నెరవేరుస్తుంది. యంత్రము మొత్తాన్ని కదిలించే ఆదేశము వస్తే మాత్రము ఆగి పర్యవేక్షకునికి కబురు చేస్తుంది. అతడు ఆ పని జరిగినట్లు లోపలివారిని నమ్మించి ముందుకు సాగనిస్తాడు. ప్రతి కీలకమైన ఆదేశమూ ఇట్లు కబురు చేసితీరితే ఈ ఏర్పాటు సాధ్యమేనని 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ నిరూపించారు.

చిన్న కంప్యూటర్లలోని ఇంటెల్ ప్రాసెసర్లు ఈ నియమాన్ని పాటించలేదు. 1985నాటి 80386 తనకు ముందుతరము 8086 వేషము వేయగలదు గాని, తన వేషము తానే వేయలేదు! పెంటియమ్‌ను పరీక్షించిన రాబిన్, అర్వైన్ అనేవారు నియమము తప్పే ఆదేశాలు 17 ఉన్నట్లు 2000లో ప్రకటించారు. వాటిలో పాప్‌ఎఫ్ ఒకటి. బయటి పరికరాల పిలుపులను కాసేపు ఆపమని లోపలి వ్యవస్థ దీనిద్వారా కోరితే, అధికారము లేనందున ప్రాసెసరు ఆ పని చేయదు. చేయలేదని చెప్పదు కూడా. తన మాట చెల్లిందని లోపలి వ్యవస్థ భ్రమపడుతుంది. పర్యవేక్షకునికి సంగతే తెలియదు. ఎదురు తిరిగే సేవకునికంటె తల ఊపి ఊరుకొనే సేవకునితోనే చిక్కు ఎక్కువ.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మెండెల్ రోజన్‌బ్లమ్, ఆయన శిష్యులు డెవైన్, బ్యూన్యో 1997లో వేరొక జాతి ప్రాసెసరుపై ఈ పాత విద్యను పునరుద్ధరించారు. మరుసటి ఏడు డయాన్ గ్రీన్ మొదలైనవారితో కలసి వి.ఎమ్.వేర్ సంస్థను స్థాపించారు. 1999లో వారు విడుదల చేసిన ప్రోగ్రాము ఇంటెల్ చిక్కును విప్పింది. లోపలి ఆపరేటింగు సిస్టము కేంద్రభాగాన్ని నడుస్తుండగానే చదివి, మొండి ఆదేశాలకు బదులు సాధువైన ఆదేశాలను ప్రతిక్షేపించడమే వారి ఉపాయము. అనువాదకుడు చదువరి ప్రక్కనే కూర్చుండి పంక్తి పంక్తికీ తిరగరాస్తున్నట్లన్నమాట. ప్రాసెసరులోనే ఇందుకు తగిన సదుపాయాన్ని ఇంటెల్ 2005లోను, ఎ.ఎమ్.డి. 2006లోను చేర్చాయి.

గోడ లేచినంతమాత్రాన బీటలు పడవని కాదు. 2015లో బయటపడిన వెనమ్ అనే లోపము ఇందుకు తార్కాణము. మిథ్యాయంత్రానికి మిథ్యా పరికరాలూ కావలెను గదా! క్యూఎమూ అనే ప్రోగ్రాములో ఫ్లాపీ డిస్కును అనుకరించే భాగంలో 2004 నుండి ఒక పొరపాటు దాగి ఉన్నది. 512 బైట్లు పట్టే చోట అంతకు మించి కుక్కితే లోపలివాడు గోడ దాటి బయటికి రావడానికి వీలు చిక్కేది. జనము మరచిపోయిన ఫ్లాపీ ఇంత పని చేసింది. క్సెన్, కె.వి.ఎమ్., వర్చువల్‌బాక్స్‌లు ఆ భాగాన్నే ఎరువు తెచ్చుకొన్నవి కనుక వాటన్నిటినీ సరిదిద్దవలసి వచ్చింది.

కొన్ని తలుపులు గోడలో కావాలనే పెట్టినవి. 2019లో విండోస్ 10 యొక్క కొన్ని రకాలలో చేరిన శాండ్‌బాక్స్‌ను మూసివేయగానే లోపలిదంతా మాయమవుతుంది. కాని మామూలుగా తెరిస్తే దానికి ఇంటర్నెట్టు అందుతూనే ఉంటుంది. లోపల కాపీ చేసినది బయట అతికించవచ్చును. ఈ రెండింటినీ మూయవలెనంటే, డబ్ల్యు.ఎస్.బి. అనే రకపు చిన్న ఫైలులో ఆ మాట ముందుగా వ్రాసిపెట్టి, ఆ ఫైలుద్వారానే శాండ్‌బాక్స్‌ను తెరవవలెను.