ఏ గూట్లో ఏ టూలుంది?

కవాడిగూడ అనగానే ప్రాగా టూల్స్ గుర్తొచ్చే తరం ఒకటుండేది. మన తరానికి సికింద్రాబాద్ అంటే స్టేషనూ, ప్యారడైజ్ బిర్యానీ, ఆఫీసు క్యాబు ఎక్కే చోటూ అంతే. కానీ 1943లో, ఇంకా నిజాం రాజ్యం ఉండగా, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, అక్కడో యంత్రాల కంపెనీ పుట్టింది. యంత్రాలంటే పిండిమరలు కాదండోయ్, వేరే యంత్రాల భాగాల్ని చెక్కే యంత్రాలు. మన భాషలో చెప్పాలంటే కంపైలర్లు తయారుచేసే కంపెనీ అన్నమాట.

ఫ్రాన్సు గాంబిన్ వాళ్ళ సహకారంతో మిల్లింగ్ మెషీన్లు, ఇంగ్లండు జోన్స్ అండ్ షిప్‌మన్ వాళ్ళ సహకారంతో గ్రైండర్లు చేశారు. విచిత్రమేంటంటే ప్రాగా పేరు ఇంజనీర్ల కంటే లా చదివేవాళ్ళకే బాగా తెలుసు. కంపెనీలో కేంద్రానికి 56 శాతం, రాష్ట్రానికి 32 శాతం వాటా ఉన్నా, అది కంపెనీల చట్టం కింద పెట్టిన మామూలు కంపెనీయే, దాని మీద రిట్ వెయ్యడం కుదరదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవంతా 92 మంది కార్మికుల్ని తీసెయ్యడం గురించి. 1988లో ప్రాగా హెచ్ఎంటీ చేతికెళ్ళింది, ఆ తర్వాత హెచ్ఎంటీ మెషీన్ టూల్స్‌లో కలిసిపోయింది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది కంపెనీ చరిత్ర కాదు, టూలు మార్చడం అనే చిన్న పని చరిత్ర. ఆ పాతకాలం మిల్లింగ్ మెషీన్ మీద కట్టర్ మార్చాలంటే ఆపరేటర్ మెషీన్ ఆపి, పైనున్న డ్రాబార్‌ని స్పానర్‌తో వదులుచేసి, మ్యాలెట్‌తో ఓ దెబ్బేసి, పాత టూలు దింపి, టేపర్‌ని గుడ్డతో తుడిచి, కొత్తది ఎక్కించి బిగించాలి. ఏ టూలు ఎక్కడుందో అతని బుర్రలోనే ఉంటుంది. ఎవరైనా స్పానర్ పక్కకి జరిపితే అరుస్తాడు కూడా. బుర్రలో పెట్టుకున్న డేటాబేస్ అలాంటిదే మరి :-)

1952లో ఎమ్ఐటీ వాళ్ళు చిల్లుల టేపు చదివి తనంతట తాను కదిలే మిల్లింగ్ మెషీన్ చూపించారు. చక్రాలు తిప్పే చేతులకి పని తప్పింది. అయితే టూలు మార్చడానికి మాత్రం మనిషి నిలబడే ఉండాలి. ఆ పని కూడా యంత్రానికి అప్పజెప్పింది అమెరికాలో మిల్వాకీకి చెందిన కియర్నీ అండ్ ట్రెకర్ కంపెనీ. 1958లో వచ్చిన వాళ్ళ మిల్వాకీ-మ్యాటిక్ యంత్రం పక్కన టూళ్ళు పేర్చిన మ్యాగజైన్ ఉంటుంది, ఒక చెయ్యి వచ్చి పాతది లాగి కొత్తది పెడుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, ప్రతి టూలు హోల్డర్ మీదా లావుపాటివీ సన్నపాటివీ రింగులు వరసగా తొడిగేవారు. అవే దాని నంబరు. టూలుని ఏ గూట్లో పెట్టినా ఫర్వాలేదు, మ్యాగజైన్ తిరుగుతుంటే స్విచ్చులు ఆ రింగుల్ని తడిమి ఇదెవరో పోల్చుకునేవి. అంటే నిజం ఆ వస్తువు ఒంటిమీదే రాసి ఉందన్నమాట.

1970లలో కంట్రోలులోకి కంప్యూటర్ వచ్చి చేరింది, ఎన్‌సీ కాస్తా సీఎన్‌సీ అయింది. రింగులకి కాలం చెల్లింది. ఏ గూట్లో ఏ టూలుందో మెమొరీలో ఒక పట్టీగా ఉంచితే సరిపోతుంది కదా! చెయ్యి రెండు వైపులా పట్టుకునే రకం మెషీన్లలో ఇంకో చమత్కారం. కొత్త టూలు ఏ గూట్లోంచి వచ్చిందో ఆ గూట్లోకే పాతది వెళ్తుంది. అంటే మార్చిన ప్రతిసారీ పట్టీ మారుతుంది. ఇక్కడ మనవాళ్ళకి వెంటనే వెలగాలి. సగంలో ఆగిపోతే? లావాదేవీ సగంలో తెగిన డేటాబేస్‌కైతే రోల్‌బ్యాక్ ఉంటుంది, మూడు కిలోల ఇనుముకి ఎక్కణ్ణించి తెస్తారు?

బాలానగర్‌లో మా బావగారి షెడ్డులో సరిగ్గా అదే చూశాను. 24 గూళ్ళున్న వర్టికల్ మెషీన్. ఎమ్06 ఇచ్చారు, గూడు కిందికి వంగింది, చెయ్యి తిరిగి రెండు టూళ్ళనీ పట్టుకుంది, అంతే, అక్కడే నిలబడిపోయింది. అలారం. ఆపరేటర్ కుర్రాడు మనందరికీ తెలిసిన మందే అడిగాడు. "ఆఫ్ చేసి ఆన్ చెయ్యనా పెద్దాయనా?"

పెద్దాయన అంటే అక్కడి ఫోర్‌మన్. "చేస్తే చెయ్యి. మన చెయ్యి ఎక్కడాగిందో చూసుకున్నాక చెయ్యి" అన్నాడు.

ఆయన ముందు ఎమర్జెన్సీ నొక్కలేదు, తలుపు తియ్యలేదు, స్క్రీన్ మీద డయాగ్నోసిస్ పేజీ తెరిచాడు. అందులో ప్రతి స్విచ్చుకీ ఒక బిట్, సున్నానో ఒకటో. స్పిండిల్ సరైన కోణంలో ఆగిందా, ఒకటి. గూడు పూర్తిగా దిగిందా, ఒకటి. చెయ్యి పట్టుకునే చోటికి వచ్చిందా, ఒకటి. స్పిండిల్ టూలుని వదిలిందా, సున్నా. సంగతి అక్కడుంది. యంత్రం మొరాయించలేదు, వదిలానన్న కబురు కోసం కాచుకుని కూర్చుంది. ఆ కబురు రాకుండా లాగితే చేతి వేళ్ళైనా విరుగుతాయి, స్పిండిలైనా చెడుతుంది.

గాలి మీటరు చూశాడు, 6 కిలోలు ఉంది. అప్పుడు ఎమర్జెన్సీ నొక్కి, మెయిన్ తీసేసి, గాలి కట్టేసి, తలుపు తీశాడు. స్విచ్చుకి రజనూ కూలెంటు జిడ్డూ పట్టి ఉంటే తుడిచాడు. (నేనైతే అక్కడే కారణం దొరికిందని సంబరపడేవాణ్ణి.) ఆయన ఆగకుండా పైకెక్కి బూస్టర్ నూనె గిన్నె చూశాడు. అడుగంటింది. గాలి ఆ నూనెని నొక్కితే, నూనె డ్రాబార్‌ని కిందికి తోస్తుంది, లోపలి స్ప్రింగులు అణిగి టూలు వదులవుతుంది. నూనె తక్కువైతే తోపు చాలదు. డ్రాబార్ కదులుతుంది గానీ పూర్తిగా కాదు. స్విచ్చు నిజమే చెప్తోంది.

చెయ్యి మోటారుకున్న బ్రేకు వదిలించి, వెనక కొసకి స్పానర్ తగిలించి, వచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. టూలు ఇంకా స్పిండిల్ పట్టులోనే ఉంది కాబట్టి ముందుకి తిప్పే ప్రశ్నే లేదు. చెయ్యి పార్కింగ్‌కి చేరింది. స్పిండిల్ కింద టేబుల్ మీద గుడ్డ పరిచి ఒక చెక్క దుంగ పెట్టించి, నూనె పోసి, గాలి బుడగలు పోయేదాకా వదిలీ బిగించీ చూశారు. సున్నా కాస్తా ఒకటైంది.

ఇక అయిపోయింది కదా అని నేను బయల్దేరబోతుంటే పెద్దాయన మ్యాగజైన్ తలుపు తీయించి, గూడు గూడూ చదవమన్నాడు. "ఒకటి, ఫేస్‌మిల్లు. రెండు, ఎనిమిది ఎమ్ఎమ్ డ్రిల్లు..." కుర్రాడు చదువుతుంటే ఈయన స్క్రీన్ మీద పట్టీతో పోల్చుకుంటున్నాడు. ఇరవై నాలుగూ. అర్ధగంట పట్టింది. బావగారు గడియారం చూసుకుంటూనే ఉన్నారు, ఆ పూట పంపాల్సిన పార్టులున్నాయి మరి. కానీ టూలు నంబరుతో పాటే దాని పొడవు కూడా మెమొరీలో ఉంటుంది. పొట్టి టూలనుకుని పొడుగుదాన్ని పట్టుకున్న స్పిండిల్ జోరుగా దిగిందంటే జాబూ బేరింగులూ రెండూ పోతాయి. ఇరుక్కుపోవడం కంటే, ఇరుక్కున్నాక యంత్రం నమ్మేదీ గూట్లో ఉన్నదీ వేరైపోవడమే అసలు ప్రమాదం. మొదటిదానికి అలారం ఉంది, రెండోదానికి లేదు.

ఇది మాన్యువల్‌లో ఉండదా అంటే, కొంత ఉంటుంది. కానీ నా ఉద్దేశంలో ఈ పట్టుదల మాన్యువల్ నేర్పేది కాదు. 1968లో బాలానగర్‌లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట్లా, ప్రాగా, హెచ్ఎంటీ లాంటి షాపు ఫ్లోర్ల మీదా ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్న పని ఇది. స్విచ్చు పోతే రాణీగంజ్‌లో కొనుక్కోవచ్చు. 92 మందిని తీసేస్తే వాళ్ళతో ఏమేం పోయిందో బ్యాలెన్స్ షీట్లో ఏ గడిలో రాస్తారు?

తమాషా ఏంటంటే, ఇప్పుడు కాస్త ఖరీదైన ఏర్పాట్లలో టూలు హోల్డర్‌లోనే బటనంత చిప్పు పెడుతున్నారు. నంబరూ, పొడవూ, ఎంత అరిగిందీ అన్నీ దాంట్లోనే. తిరిగి తిరిగి మళ్ళీ మిల్వాకీ రింగుల దగ్గరికే వచ్చారు.

బావగారి షెడ్డుకి అంత స్తోమతు లేదు. మ్యాగజైన్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంటుంది, ఇరవై నాలుగు గీతలు కొట్టి. దాన్ని పెన్సిల్‌తోనే రాయాలని పెద్దాయన రూలు, పెన్నుతో రాస్తే చెరపడానికి బద్ధకించి అలాగే వదిలేస్తారట.