పాత కారు అమ్మే ముందు: ఏది శుభ్రం చేయాలి, ఏది దాచకూడదు

పాత కారు కొనడానికి వచ్చినవారు ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సగం నిర్ణయానికి వచ్చేస్తారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, లోపలికి తొంగి చూస్తారు. మసకబారిన హెడ్‌లైట్లు, సీటు మీద టీ మరక, ఏసీ వేయగానే గుప్పుమనే ముక్క వాసన... ఇవి ఒక్కొక్కటే కంటపడుతున్న కొద్దీ మనసులో అనుకున్న ధర తగ్గుతూ పోతుంది. పైపైనే ఇలా ఉంటే లోపల ఇంకెలా చూసుకున్నారో అనేది వారి లెక్క.

ఇది తెలిసిన కొందరు యజమానులు అతి చేస్తారు. అమ్మకానికి వారం ముందు కారు మొత్తానికి రంగు వేయిస్తారు. కొత్త సీటు కవర్లు తొడిగిస్తారు. ఇంజిన్‌ను నూనె మరక లేకుండా కడిగిస్తారు. కొనేవారు వెంట తెచ్చుకునే మెకానిక్‌కు ముందుగా అనుమానం వచ్చేది ఇలాంటి కార్ల మీదే. మురికి వదిలించే పనికి ధర పలుకుతుంది, దెబ్బను కప్పే పని బేరాన్నే చెడగొడుతుంది. ఒక్కోసారి కోర్టు దాకా తీసుకెళ్తుంది. కాబట్టి ఏ పని ఎంతవరకు చేయించాలో ముందే తేల్చుకోవడం మంచిది.

కడగడంలోనే తేడా

కారును ఎండలో నిలబెట్టి కడగకూడదు. బానెట్ వేడిగా ఉంటే నీళ్లు తుడిచేలోపే ఆరిపోయి తెల్లటి మచ్చలు మిగులుతాయి. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి ఈ మచ్చలు ఇంకా మొండిగా ఉంటాయి. నీడలో కడిగి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టాలి. చివరిసారి జాడించడానికి రెండు బకెట్ల మంచినీళ్లు వాడినా సరిపోతుంది.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వాడకూడదు. అవి మురికితోపాటు రంగుపై ఉన్న మైనపు పొరనూ లాగేస్తాయి. కార్ షాంపూ మేలు. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకుంటే, గుడ్డకు అంటిన ఇసుక మళ్లీ రంగు మీదకు వెళ్లదు. ఎండలో చూస్తే కారు మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతల్లో చాలావరకు ఇలా మురికి గుడ్డతో రుద్దడం వల్ల పడినవే.

చక్రాల లోపలి భాగం, మడ్‌ఫ్లాప్‌లు, తలుపు అంచులు, డిక్కీ రబ్బరు బీడింగ్ కింద పేరుకున్న దుమ్ము మామూలు వాషింగ్‌లో పోదు. కొనేవారు తలుపు తీయగానే కనిపించేవి ఆ అంచులే. పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు కూర్చుంటే ఆ పని పూర్తవుతుంది.

గీతలకు గోటి పరీక్ష

గీత మీద గోరు అడ్డంగా జరిపితే తగులుకోకుండా జారిపోతుందా? అయితే అది పైన ఉన్న పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్ వరకే ఉన్నట్లు. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్‌తో చాలావరకు పోతుంది. గోరు ఆగిందంటే గీత లోతుగా దిగినట్లు. దాన్ని పాలిష్ తీసేయలేదు. కంపెనీ రంగు కోడ్ ప్రకారం దొరికే టచప్ పెన్‌తో తుప్పు పట్టకుండా మూసి వదిలేయడం ఉత్తమం. పదేళ్లు తిరిగిన కారుకు నాలుగు గీతలుంటే ఎవరూ తప్పుపట్టరు.

రంగు చెదరని చిన్న సొట్టలను పుట్టీ పెట్టకుండా లోపలి నుంచి సరిచేసే పనివారు నగరాల్లో దొరుకుతారు. ఆ ఖర్చు వృథా పోదు. పుట్టీ పెట్టి ప్యానెల్ మొత్తానికి రంగు వేయిస్తే మాత్రం అది దాగదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పుట్టీ ఉన్నచోట అది కొన్ని వందల మైక్రాన్లకు చేరుతుంది. పాత కార్లు తనిఖీ చేసేవారి దగ్గర ఉండే చిన్న మీటరు ఆ తేడాను క్షణంలో చూపిస్తుంది. తలుపుకు రంగు వేయించింది ఆటో గీరినందుకే అయినా, పెద్ద ప్రమాదమే జరిగిందేమోనని కొనేవారు భయపడతారు. ఆ పని ఇదివరకే చేయించి ఉంటే బిల్లు, కుదిరితే మరమ్మతుకు ముందు తీసిన ఫొటో దగ్గర పెట్టుకుని చూపించడమే దారి.

రంగు మార్చే ఆలోచన అసలే వద్దు. కారు రంగు ఆర్సీలో నమోదై ఉంటుంది. దానికి తేడా వస్తే పేరు మార్పిడి దగ్గర చిక్కు వస్తుంది.

హెడ్‌లైట్లు, టైర్లు

హెడ్‌లైట్ల పై భాగం పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దాని రక్షణ పొర పోయి పసుపురంగుకు తిరుగుతుంది. నీళ్లతో తడుపుతూ 1000, 2000, 3000 నంబరు ఎమెరీ కాగితాలతో వరుసగా రుద్ది, పాలిష్ చేసి, పైన రక్షణ పూత వేస్తే మళ్లీ తేటపడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దినా కొంత మెరుగు వస్తుంది కానీ పూత లేకపోతే ఎక్కువ రోజులు నిలవదు. తక్కువ ఖర్చుతో కారు వయసును తగ్గించి చూపే పని ఇదే. రాత్రి వెలుతురు కూడా పెరుగుతుంది కాబట్టి కొనేవారికీ మేలే.

టైర్లకు నల్ల పాలిష్ పూసినంత మాత్రాన వయసు దాగదు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడుల మధ్య కనిపించే చిన్న దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. రబ్బరు వాటి సమానానికి అరిగితే టైరు పని అయిపోయినట్లే. అమ్మకం కోసమని పేరులేని చౌక టైర్లు కొత్తవి వేయించడం కన్నా, అరిగిన సంగతి చెప్పి ధరలో తగ్గించడం ఇద్దరికీ లాభం.

లోపల: వాసన సంగతి

కారు లోపలికి రాగానే ఘాటైన పెర్ఫ్యూమ్ కొడితే, ఏదో కప్పిపుచ్చడానికే కొట్టారని కొనేవారు అనుకుంటారు. వాసన ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనుక ఉండే ఏసీ క్యాబిన్ ఫిల్టర్. దాన్ని మార్చడం సులువు. ఫ్లోర్ మ్యాట్ల కింద కార్పెట్ తడిగా ఉంటే ఎక్కడి నుంచి నీళ్లు దిగుతున్నాయో కనిపెట్టి, ఆ దారి మూసి, ఆరబెట్టాలి. సిగరెట్ వాసన పైకప్పు గుడ్డకు పడుతుంది. సీట్లతోపాటు దాన్నీ తగుమాత్రం తడితో శుభ్రం చేయించాలి.

డ్యాష్‌బోర్డుకు జిగటగా మెరిసే సిలికాన్ స్ప్రేలు కొట్టవద్దు. ముందు అద్దంలో దాని ప్రతిబింబం పడి టెస్ట్ డ్రైవ్‌లోనే చికాకు పెడుతుంది. తడి గుడ్డతో తుడిచి వదిలేసినా చూడటానికి బాగుంటుంది. స్టెప్నీ, జాక్, పానా, రెండో తాళంచెవి, సర్వీసు బుక్కు ఎక్కడివక్కడ ఉంటే కారును పద్ధతిగా వాడారని నమ్మకం కలుగుతుంది.

బానెట్ కింద ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టించకూడదు. సెన్సర్ల కనెక్టర్లలోకి, ఆల్టర్నేటర్‌లోకి నీరు చేరితే అంతవరకు లేని జబ్బు కొత్తగా పుడుతుంది. పైగా నిగనిగలాడే ఇంజిన్‌ను చూసి, ఆయిల్ లీకేజీని కడిగేశారని మెకానిక్ అనుమానిస్తాడు. దుమ్ము దులిపి, ప్లాస్టిక్ మూతలు తుడిచి, బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లగా పట్టిన పొడి తీస్తే చాలు.

తీసేయాల్సినవి

అలంకరణ పేరుతో తగిలించినవన్నీ అమ్మకంలో కలిసిరావు. నల్ల ఫిల్ములపై సుప్రీంకోర్టు 2012లోనే నిషేధం విధించింది. నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి. బంపర్‌కు బిగించే ఇనుప గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు చెప్పింది. ప్రమాదంలో అవి పాదచారులకు హాని చేస్తాయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడానికీ అడ్డు కావచ్చు. ప్రెస్, పోలీస్, అడ్వకేట్ స్టిక్కర్లు, అపార్ట్‌మెంట్ పాసులు, ఆఫీసు పార్కింగ్ గుర్తులు కూడా తీసేయాలి. వేడి గాలి తగిలిస్తే జిగురు మెత్తబడి మరక లేకుండా ఊడుతుంది.

కంటికి కనిపించని సామాను ఇంకొకటి ఉంటుంది. కారు స్క్రీన్‌లో సేవ్ అయిన ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా, డ్యాష్‌క్యామ్ కార్డులోని వీడియోలు చెరిపేయాలి. ఫాస్టాగ్‌ను మూసివేయించాలి. లేకుంటే కొత్త యజమాని తిరిగిన టోల్ రుసుము పాత యజమాని ఖాతాలోంచే పోతుంది.

దాచితే చట్టం ఏమంటుంది?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షన్, తనకు తెలిసిన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా కప్పిపుచ్చడాన్ని మోసంగా చూస్తుంది. అడగని విషయం చెప్పకుండా ఊరుకోవడాన్ని మాత్రం అన్నిసార్లూ మోసంగా పరిగణించదు. పాత కారు విషయంలో ఈ తేడా చాలా పెద్దది. గీతను అలాగే వదిలేసి, చూసుకోమని చెప్పడం ఒకటి. విరిగిన ఛాసిస్‌ను వెల్డింగ్ చేసి, పైన నల్లరంగు కొట్టి, యాక్సిడెంట్ కాలేదని చెప్పడం మరొకటి. మోసంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ కింద కొనుగోలుదారుకు ఉంటుంది. మోసం కింద క్రిమినల్ కేసు పెట్టే వీలూ ఉంది.

మీటరు వెనక్కి తిప్పడం ఈ కోవలో మొదటిది. సర్వీసు రికార్డుల్లో కిలోమీటర్లు నమోదై ఉంటాయి కాబట్టి ఇది సులువుగానే బయటపడుతుంది. ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటును వెలగకుండా చేయడం అంతకన్నా ఘోరం. అది కొన్నవారి ప్రాణాలతో చెలగాటం.

వరదల్లో మునిగిన కార్లదీ ఇదే కథ. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేల కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. మునిగిన కారును ఎంత తోమినా సీటు పట్టాల్లో బురద, సీటు కింద స్ప్రింగులకు తుప్పు, సీటు బెల్టును చివరిదాకా లాగితే నీటి చార కనిపిస్తాయి. వైరింగ్‌లో చేరిన తేమ నెలల తర్వాత దెబ్బతీస్తుంది. ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లలో కారు నిలిచి ఉంటే ఆ విషయం, చేయించిన మరమ్మతు, బీమా క్లెయిము వివరాలు ముందే చెప్పాలి. ధర తగ్గుతుంది, కానీ అమ్మినవారికి తర్వాత తలనొప్పి ఉండదు.

ఫొటోల్లో లోపాలకూ చోటివ్వాలి

ఉదయం లేదా సాయంత్రం ఎండ తీవ్రత లేనప్పుడు, వెనక చెత్తాచెదారం లేని చోట నిలిపి ఫొటోలు తీయాలి. నాలుగు మూలల నుంచి నాలుగు, లోపలివి, మీటరు, టైర్లు, డిక్కీ... ఇవి తప్పనిసరి. సొట్టలు, గీతలు ఉన్నచోట దగ్గర నుంచి మరో ఫొటో పెట్టాలి. అవి చూశాక కూడా వచ్చేవారు నిజంగా కొనే ఉద్దేశం ఉన్నవారు. వచ్చాక వాటిని చూపి బేరమాడే అవకాశమూ తగ్గుతుంది. ప్రకటనలో నంబర్ ప్లేటును కనిపించకుండా చేయాలి, ఆర్సీ ఫొటో పెట్టకూడదు.

కారు వెళ్లిపోయినా పేరు మిగిలితే

కారును ఎంత అందంగా తయారుచేసి ఎంత మంచి ధరకు అమ్మినా, ఆర్సీలో పేరు మారకపోతే కథ ముగియదు. 2007లో అమ్మిన ఒక కారు తర్వాత పలు చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. ఆర్సీలో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరిన ఈ వివాదంలో, రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని, పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. కారును కళ్లతో చూసి రెండేళ్లయిన వ్యక్తి మీద ఆ భారం పడింది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వారికి అమ్మితే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాల్సింది అమ్మినవారే. ఇందుకు ఫారం 29, 30 నింపాలి. వేరే రాష్ట్రానికైతే ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ తీసుకోవాలి. రుణం తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోతే ఫారం 35తో తీయించాలి. డీలరుకు అప్పగిస్తున్నట్లయితే 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. గుర్తింపు పొందిన డీలరుకు వాహనం ఇచ్చినట్లు పోర్టల్‌లో నమోదు చేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలరుది అవుతుంది. బీమాలో నో క్లెయిమ్ బోనస్ మాత్రం కారుతో పోదు. అది అమ్మినవారిదే. బీమా సంస్థ నుంచి లేఖ తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు.

తాళంచెవి ఇచ్చేటప్పుడు తేదీ, సమయం, మీటరు రీడింగ్, చెప్పిన లోపాలు రాసిన డెలివరీ నోట్‌పై ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ ఉంచుకోవాలి. ఆ సాయంత్రం ఆ కారు ఏ సిగ్నల్ దాటినా చలానా పాత యజమాని ఫోన్‌కే వస్తుంది. కాగితంపై రాసిన సమయమే అప్పుడు సాక్ష్యం.