వరంగల్‌లో కారు మరమ్మతు: ఏసీ గ్యాస్ నుండి కంప్యూటర్ కోడ్ వరకు

వరంగల్ చరిత్ర రచన అధికంగా కాకతీయుల కోట చుట్టూ, ఆధునిక కాలానికి వస్తే ఆజంజాహీ మిల్లు చుట్టూ సాగింది. మోటారు షెడ్లలో తరం నుండి తరానికి అందిన మరమ్మతు విద్య లిఖిత చరిత్రలో చోటు పొందింది తక్కువ. ఆ విద్యలో గత నాలుగు దశాబ్దాలలో వచ్చిన మార్పును కారు ఏసీ ఆధారంగా గుర్తించవచ్చు.

1983 డిసెంబరులో మారుతి 800 వెలువడింది. అది కార్బ్యురేటర్ కాలం. నాటి కార్లలో ఏసీ ఇంజన్ శక్తిని బెల్టు ద్వారా తీసుకున్నా, దాని లోపం దాదాపు దానికే పరిమితం. గొట్టాలను తాకి వేడి, చల్లదనం తేడాను పసిగట్టడం, అతుకుల వద్ద నూనె మరకను వెదకడం, సబ్బు నురగ పూసి బుడగలు చూడడం పరీక్షా పద్ధతులు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరిలో ఈ విద్యకు గిరాకీ సహజం. “గ్యాస్ అయిపోయింది” అన్న వాడుక మాట మాత్రం తప్పుదారి పట్టించేది. గ్యాస్ పెట్రోలులా ఖర్చు కాదు, కారిపోతుంది. కారే చోటు మూయకుండా నింపిన గ్యాస్ మరుసటి వేసవికి మిగలదు.

ఆ గ్యాసే మారింది. ఓజోన్ పొర రక్షణకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 1992లో చేరింది. ఆర్-12 స్థానంలో ఆర్-134ఎ వచ్చింది. పాత ఖనిజ నూనె కొత్త గ్యాసుతో కలవదు. నూనె మార్చకుండా గ్యాస్ మాత్రమే మారిస్తే కంప్రెసర్ పట్టేస్తుంది.

రెండవ మార్పు ఉద్గార నిబంధనల రూపంలో వచ్చింది. భారత్ స్టేజ్-2 హైదరాబాదులో 2003లో, దేశమంతటా 2005లో అమలైంది. అప్పటికి హైదరాబాదు మూడవ స్టేజ్‌కి మారింది. నాలుగవ స్టేజ్ అక్కడ 2010లో మొదలు కాగా, దేశవ్యాప్తం కావడానికి 2017 వరకు పట్టింది. చట్టం తేదీ, కారు రాక తేదీ ఒకటి కావు. రాజధానిలో కొన్న కారు దాదాపు 145 కిలోమీటర్లు నడిచి వస్తే వరంగల్ షెడ్డు దానిని కాదనలేదు.

కంప్యూటర్ వచ్చాక ఏసీ మీట నొక్కడం ఆజ్ఞ కాదు, అభ్యర్థన. గ్యాస్ పీడనం, ఇంజన్ వేడి వంటివి చూసి కంప్యూటర్ సమ్మతిస్తేనే కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటుంది. కనుక చల్లగాలి రాకపోవడానికి కారణం రేడియేటర్ ఫ్యాను కావచ్చు, ఇంజన్ వేడిని కొలిచే సెన్సార్ కావచ్చు. స్కానర్ చూపే పి0530 కోడ్‌ను తీసుకుంటే, అది ఏసీ పీడన సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని మాత్రమే చెబుతుంది. సెన్సార్ చెడిందని చెప్పదు. ఎలుక కొరికిన వైరు, తుప్పు పట్టిన ఎర్త్, నీరు చేరిన కనెక్టర్ ఇవన్నీ అదే కోడ్‌కు దారితీయవచ్చు. మల్టీమీటర్‌తో వైరును పరీక్షించక కోడ్ చూసి సెన్సార్ మారిస్తే ఖర్చు యజమానిది, కోడ్ మళ్లీ వస్తుంది.

తెలంగాణ షెడ్లలో గురువును ఉస్తాద్ అంటారు. స్కానర్ అక్షరాలు చదవగలిగిన కుర్రవాడికి ఉస్తాద్ చేతి అనుభవం అవసరం, ఉస్తాద్‌కు కుర్రవాడి చదువు అవసరం. 2020లో భారత్ స్టేజ్-6 వచ్చాక కారులో సెన్సార్లు మరింత పెరిగాయి. గొట్టం తాకి చూసే పరీక్ష మాత్రం మానలేదు.