ట్రిమ్ పురము - దాని ప్రతినిధులు

దత్తమండలముల చరిత్రము నెఱిఁగిన యాంధ్రులకు వెల్లెస్లీ యను పేరు క్రొత్తది కాదు. 1800 సంవత్సరమున బళ్లారి, కడప మొదలగు సీమలను నైజామువలన ఇంగ్లీషు కుంపిణీకి రాఁబట్టిన గవర్నరు జనరలు ఈతఁడే. ఈతని రాజకీయవిద్యకు అక్షరాభ్యాసము జరిగిన చోటు ఐర్లండు దేశమున మీత్ మండలమందలి ట్రిమ్ అను చిన్నపురము. ఈతఁడును, ఈతని తాతయు, తండ్రియు, తమ్ములిరువురును ఆ పురమునకే ప్రతినిధులై డబ్లిను పార్లమెంటునఁ గూర్చుండిరి. ఆ ప్రాతినిధ్య మెట్టిదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ట్రిమ్ బోయిన్ నదీతీరమున నున్నది. 1172లో ఇంగ్లండు రాజగు రెండవ హెన్రీ మీత్ దేశమును హ్యూ డి లేసీ యనువాని కొసఁగఁగా నాతఁ డచట దుర్గము నిర్మింప నారంభించెను. ఆ దుర్గము నేఁటికిని నిలిచియున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఐర్లండు ప్రజాసభలో మున్నూఱు స్థానము లుండెను. ముప్పదిరెండు మండలములకును, నూటపదునేడు పురములకును, డబ్లిను విశ్వవిద్యాలయమునకును ఇద్దఱిద్దఱు సభ్యులు. ఈ పురములను వారు బరో లందురు.

ట్రిమ్ పురపాలకసంఘమునకుఁ బోర్ట్‌రీవ్ అను అధికారి పెద్ద. అతని క్రింద బర్జెసులు, వారి క్రింద ఫ్రీమెన్ అను పౌరులు. ఈ పౌరత్వము ఊర నివసించుటచేఁ గలుగునది కాదు. సంఘము చేర్చుకొన్నఁగాని లేదు. కావున ఎవరిని జేర్చుకొనవలెనో నిర్ణయించు చేయి యెవరిదో స్థానము వారిదే. దేశమున నధికసంఖ్యాకులగు కతోలికులకు 1728 మొదలు 1793 వఱకు వోటే లేదు. సభలోఁ గూర్చుండు నర్హత ఆ పార్లమెంటు నశించువఱకును రానేలేదు.

ట్రిమ్ సమీపమున డాంగన్ అను గ్రామము కలదు. 1728లో దాని ప్రభువగు గారెట్ వెస్లీ సంతానహీనుఁడై మరణింపఁగా బంధువగు రిచర్డు కాలీ ఆ యాస్తిని బొంది వెస్లీ నామమును ధరించెను. 1729 మొదలు 1746 వఱకు నాతఁడే ట్రిమ్ ప్రతినిధి. పిమ్మట మార్నింగ్టన్ ప్రభువై పెద్దల సభ కేఁగెను. కుమారుఁడు గారెట్ 1757లోఁ జేరి మఱుసటియేఁడే తండ్రి బిరుదునకు వారసుఁడయ్యెను. ఇతఁడు సంగీతవిద్వాంసుఁడు, డబ్లిను విద్యాపీఠమున సంగీతాచార్యపదవి నలంకరించెను. మనుమఁడు రిచర్డు (మన గవర్నరు జనరలు) 1780లో, ఆతని తమ్ముఁడు విలియము 1783లో, కడపటి తమ్ములలో నొకఁడగు ఆర్థరు 1790లో ఎన్నికైరి. పూర్వసూత్రమందలి పదము ఉత్తరసూత్రముల కనువర్తించునట్లు ఈ స్థానము ఆ యింటి కనువర్తించినది.

ఆర్థరు ఎన్నికకు ముందు జరిగిన యొక సంగతి గమనింపఁదగినది. హెన్రీ గ్రాటన్ ఐర్లండు దేశభక్తులలో నగ్రగణ్యుఁడు. 1782లో డబ్లిను పార్లమెంటునకు శాసనస్వాతంత్ర్యము సాధించినవాఁడు. ట్రిమ్ సంఘమువా రాతనికిఁ బౌరత్వ మొసఁగి గౌరవింపఁ దలఁచిరి. ఇరువదియేండ్ల ఆర్థరు లేచి దాని నెదిర్చి మాటాడెను, ప్రతిపాదము వీఁగిపోయెను. ఇది యసూయ యని నే ననను. గుణమును జూచి పౌరులఁ జేర్చుకొన మొదలిడినచో ఆ స్థానము కుటుంబమున నిలుచునా? పిదప నాతఁడే ఎన్నికయ్యెను. అయినను న్యాయము చెప్పవలెను. 1793 జనవరిలో సభయం దితఁడు కతోలికుల కనుకూలముగాఁ బ్రసంగించెను. ఆ యేఁడు వారికి వోటు లభించెను. 1829లో బ్రిటిషు ప్రధానమంత్రిగా వారికిఁ బార్లమెంటు ద్వారమును దెఱపించినవాఁడును ఇతఁడే.

1799లో అన్నదమ్ము లిరువురును మనదేశమున నుండిరి. శ్రీరంగపట్టణ యుద్ధమున ఆర్థరు నైజాము సేనతోఁ గూడిన దళమును నడిపెను. 1792, 1799 సంవత్సరములలో మైసూరునుండి తనకు వచ్చిన సీమలను నైజాము 1800 అక్టోబరు 12వ తేది సంధిచే కుంపిణీకి ధారపోసెను. వానిచే భరింపవలసినది తన రాజ్యమున నుంచఁబడిన కుంపిణీ సేనయొక్క వ్యయము.

ఆ యేఁడే డబ్లినులో వేఱొక దానము జరిగినది. ఐర్లండు పార్లమెంటు 1799లో నిరాకరించిన సంయోజనశాసనమును 1800లో నంగీకరించి తన్నుఁ దానే రద్దుచేసికొనెను. లండను సభలో ఐర్లండునకు నూఱు స్థానములు మాత్రమే మిగిలెను. ట్రిమ్ మొదలగు ఎనుబదినాలుగు పురములు ప్రాతినిధ్యమును గోల్పోయెను. పురమునకుఁ బదునైదువేల పౌనులచొప్పున 12,60,000 పౌనులు పరిహార మీయఁబడెను. ఎవరికి? సామాన్యముగా స్థానమును దమ సొత్తుగా నేలుకొన్నవారికి. స్వర్డ్స్ అను పురమున ఆ ధనము పాఠశాల కుపయోగపడెను. పాణిని ప్రతిశబ్దమునకుఁ బ్రతినిధి, ప్రతిదానము అను రెండర్థములను ఒక్కసూత్రముననే జెప్పెను. శబ్దమున నొక్కచోట నిలిచిన యీ రెండును ఐర్లండున వస్తువునందును ఒక్కచోటనే నిలిచినవి! ట్రిమ్ వాసులనుగాని కడప రైతులనుగాని యెవ్వరును అడుగలేదు.

1801 జనవరి 1వ తేది మొదలు ట్రిమ్ పురమునకుఁ బ్రత్యేకప్రతినిధి లేఁడు. మీత్ మండలమునకుఁగల యిరువురే దానికిని ప్రతినిధులైరి. డాంగన్ భవనము శిథిలమైనది. 1817లో ఆర్థరు పేర నెత్తించిన స్తంభము, దానిపై నాతని విగ్రహము, ట్రిమ్‌లో నేఁటికిని గలవు.