సాళువ చెప్పే సంగతి

గుంపుగా వేటకు వెళ్ళేవారికి మృగం కంటె పక్కవాడి గురితప్పిన గుండే ఎక్కువ భయం. ఎడారిలో దారి తప్పితే నీళ్ళు దొరకవు గనుక అరబ్బులు గుంపుగానే వెళ్ళేవారు. అయితే వారి ఆయుధం డేగ. దాని గురి తప్పినా తోటివాడి ప్రాణానికి ముప్పు లేదు.

షేక్ జాయెద్ యౌవనంలో తుపాకితో జింకలను వేటాడారు. ఇలా అయితే జాతే మిగలదని గ్రహించి తుపాకి వదిలి డేగలనే నమ్ముకున్నారు. 1976లో అబూధాబీలో డేగవేటగాళ్ళ అంతర్జాతీయ సమావేశం జరిపించారు. 1983లో సమాఖ్య చట్టం వేటకు హద్దులు పెట్టింది. 2010లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

మనకిది కొత్త కాదు. విజయనగరాన్నేలిన సాళువ నరసింహరాయల ఇంటిపేరుకు అర్థం వేటడేగే. ఇక్కడ డేగను చూసినప్పుడు పిల్లలకు ఈ రెండు కథలూ చెప్పండి.