తవుడుతో పాటు పోయినవి

మా అవ్వ వడ్లు ఉడకేసే రోజు ఇల్లంతా ఆ వాసనే. ముందురోజు సాయంత్రం నానేసిన వడ్లను తెల్లవారుజామున అండాలో పోసి, పొట్టు నోరు విచ్చేదాకా ఉడికించేది. మిద్దె మీద బాగా ఎండాక రోట్లో పోస్తే, అవ్వా అత్తా ఎదురెదురుగా నిలబడి, ఒక రోకలి లేస్తే ఇంకోటి దిగేలా దంచేవాళ్లు. చేటతో చెరిగాక ఊక పొయ్యికి, తవుడు గొడ్లకు, నూకలు గంజికి.

ఈ పనిలో తమిళనాడులోని మా ఒడుగత్తూరులో తెలుగిళ్లకూ తమిళుల ఇళ్లకూ తేడా ఉండేది కాదు. వాళ్లు పుళుంగల్ అరిసి అంటారు, మనం ఉప్పుడు బియ్యం అంటాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటే, దాని కేంద్రమూ చిత్తూరే. జిల్లాలు విడిపోయినా వంటిళ్లు విడిపోలేదు.

వడ్లు ఉడకేసి దంచుకునే ఈ అలవాటు ఎన్ని ప్రాణాలు కాపాడిందో బెరిబెరి చరిత్ర చదివాకే నాకు తెలిసింది. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, చివరికి గుండె అలిసిపోయే జబ్బు అది. బ్రిటిష్ ఇండియాలో అది గట్టిగా పాతుకుపోయిన చోటు మన ఉత్తర సర్కారు జిల్లాలు. కృష్ణా, గోదావరి కాలువల కింద వరి విరగపండే నేల అది. తిండి కరువైన చోటు కాదు. అక్కడ తినేది ఉడకేయని వడ్ల బియ్యం. మిల్లులు వచ్చి ఆ బియ్యాన్ని తెల్లగా, నున్నగా పాలిష్ పట్టసాగాయి. తమిళ జిల్లాల్లోనూ మిల్లులున్నాయి, కానీ అక్కడ ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. ఆ జబ్బు అక్కడ అంతగా లేదు.

కారణం దొరికింది జావాలో, అదీ కోళ్ల గూట్లో. 1890ల నాటి మాట. బటావియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ తన ప్రయోగాల కోళ్లకు సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టించేవాడు. కోళ్ల కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకు వంటవాడు మారాడు. సైనికుల అన్నం సైన్యానివి కాని కోళ్లకు పెట్టనన్నాడు కొత్తవాడు. చేసేది లేక వాటికి పాలిష్ పట్టని ముతక బియ్యం వేశారు. కోళ్లు లేచి తిరిగాయి. మందు అంతా మనం గొడ్లకు వేసే తవుడులోనే ఉంది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

తవుడులోని ఆ పదార్థమే బీ1 విటమిన్, థయమిన్. దాని నిర్మాణం తేల్చి 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికన్ రసాయనవేత్త రాబర్ట్ ఆర్. విలియమ్స్ పుట్టింది మన నెల్లూరులోనే, 1886లో, మిషనరీల ఇంట. బెరిబెరి మీద పరిశోధన కోసం 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో మొదలుపెట్టిన కేంద్రమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

థయమిన్ నీళ్లలో కరుగుతుంది. వడ్లు నానేసి ఉడకేసినప్పుడు అది తవుడు పొరలోంచి గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మిల్లులో పైపొర పోయినా లోపల కొంత నిలుస్తుంది. అవ్వకు ఈ సంగతి తెలియదు. ఉడకేస్తే పొట్టు సులువుగా వస్తుందని, నూక తక్కువవుతుందని మాత్రమే ఆమెకు తెలుసు. అది కూడా తన చేత్తో దంచేది కాబట్టి తెలిసింది. గంజి వంచి పారబోసే ఇల్లు కాదు మాది. బియ్యం కడిగిన నీళ్లతోనూ, గంజితోనూ థయమిన్ పోతుంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఉప్పు, ఉల్లిపాయతో ఆ నీళ్లు కూడా తాగేవాళ్లం. కోస్తాలో గంజినీళ్లు పులియబెట్టే తరవాణి కుండ పెట్టినవాళ్లకూ ఆ నీళ్ల విలువ తెలుసు.

చేతి దంపుడును నిలబెట్టే ప్రయత్నాలూ జరిగాయి. 1934 డిసెంబరులో గాంధీజీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి, జె.సి. కుమారప్పను కార్యదర్శిని చేశారు. సంఘం చేపట్టిన పనుల్లో దంపుడు బియ్యం, గానుగ నూనె ముఖ్యమైనవి. 1958లో కేంద్రం బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది. చేతి దంపుడును కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. అయినా దంపుడు బతకలేదు. 1997లో చట్టమే రద్దయింది.

ఆ తర్వాత రేషను బియ్యంలో వందకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 పట్టించిన గింజలు కలపడం మొదలుపెట్టారు. 2021లో ప్రకటించిన పథకం ఇది. రక్తహీనత ఉన్న దేశంలో దాన్ని తప్పుపట్టను. కానీ గింజలో ఉన్నదాన్ని మిల్లులో తీసేసి, వేరే చోట చేసినదాన్ని కలిపే దాకా వచ్చామంటే, తినే గింజ సంగతి మన చేతులు మరిచిపోయాయనే అర్థం.

ఒడుగత్తూరుకు పైనున్న జవ్వాది కొండల్లో సామలు పండుతాయి. సామ పొట్టు గట్టిది, ఒక్క పోటుకు వదలదు. దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. ఆ పని చేసిన ఆడవాళ్ల భుజాల నొప్పి నాకు తెలుసు. రోజూ దంచుకోమని ఎవరికీ చెప్పను. ఆ బరువు ఆడవాళ్ల మీదే పడటం కూడా అన్యాయమే. ఇంట్లో అందరూ కలిసి ఏడాదికి ఒక్కసారైనా చేయండి. రెండు కిలోల వడ్లు తెచ్చి నానేసి, ఉడకేసి, ఎండబెట్టండి. రోలు లేకపోతే పక్కింటి రోలు అడగండి. రోకలి మగపిల్లల చేతికీ ఇవ్వండి. చెరిగాక చేటలో మిగిలిన తవుడు కొంచెం నాలుక మీద వేసుకుని రుచి చూడండి.