కృత్తికలు: ఆరు, ఏడు సంఖ్యల పురాణ చరిత్ర

కృత్తికలు వృషభ రాశిలోని నక్షత్ర గుచ్ఛం. వెయ్యికి పైగా తారలున్న ఈ గుంపు భూమికి సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. తెలుగు పల్లెల్లో దీన్ని పిల్లలకోడి అంటారు. మబ్బులేని రాత్రి మామూలు కంటికి ఆనేవి ఆరు చుక్కలే అయినా, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎన్నో జాతులు ఏడని చెప్పుకున్నాయి. లెక్కకు రాని ఆ ఒక్క చుక్క గురించి పుట్టిన కథలే దీని పురాణ చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన భాగం.

తైత్తిరీయ సంహిత అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక అని ఏడు పేర్లు చెబుతుంది. వీటిలో మూడు మబ్బుకూ వానకూ చెందినవి. శతపథ బ్రాహ్మణం మాత్రం అంకె జోలికి పోలేదు. తక్కిన నక్షత్రాలకు ఒకటి నుంచి నాలుగు చుక్కలుంటే కృత్తికలకే ఎక్కువని, అందుకే ఆ నక్షత్రాన అగ్నిని ప్రతిష్ఠించుకున్నవాడికి సమృద్ధి కలుగుతుందని అంటుంది.

కృత్తికలకు అధిదేవత అగ్ని. మహాభారత అరణ్యపర్వంలోని స్కందుడి కథ నడిచేదీ అగ్ని చుట్టూనే. సప్తర్షుల భార్యలపై అగ్ని మనసు పడతాడు. అతణ్ణి కోరిన స్వాహాదేవి ఆరుగురి రూపాలు ధరించగలుగుతుంది గాని, అరుంధతి పాతివ్రత్యం ముందు ఆమె శక్తి చాలదు. స్కందుడు ఆరు ముఖాలతో పుడతాడు. చేయని తప్పుకు భర్తలు వెళ్లగొట్టిన ఆ ఆరుగురు ఆకాశంలో కృత్తికలయ్యారు, అరుంధతి వసిష్ఠుడి పక్కనే నిలిచింది. ఏడులోంచి ఒకటి ఎందుకు తగ్గిందో ఇంత నిండుగా చెప్పిన కథ మరో పురాణ సంప్రదాయంలో అరుదు. ఆరు ముఖాలు, ఆరుగురు తల్లులు, షష్ఠి తిథి అన్నీ ఈ కథలో ఒకచోట చేరాయి. ఆ స్కందుడి పేరనే మార్గశిర శుద్ధ షష్ఠిని తెలుగువారు నేటికీ సుబ్బరాయుడి షష్ఠిగా జరుపుకుంటారు.

మెసొపొటేమియాలో ఈ గుచ్ఛాన్ని సెబిట్టి అనే ఏడుగురు దేవతలకు గుర్తుగా భావించి, ముద్రలపై ఏడు చుక్కలుగా చెక్కారు. జర్మనీలో 1999లో బయటపడిన నెబ్రా కంచు ఫలకంపైనా ఏడు బంగారు చుక్కల గుంపు ఉంది. అది క్రీ.పూ. 1600 నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా. గ్రీకులకు వీరు అట్లాస్ కూతుళ్లు. క్రీ.పూ. 3వ శతాబ్ది కవి అరాటస్ ఏడుగురి పేర్లూ చెప్పి, కనిపించేది ఆరుగురేనని ఒప్పుకున్నాడు. మానవుణ్ణి పెళ్లాడిన సిగ్గుతో మెరోపీ ముఖం దాచుకుందని ఒక కథ, ట్రాయ్ పతనానికి ఎలెక్ట్రా దుఃఖించి తప్పుకుందని మరొకటి. ఆస్ట్రేలియా ఆదివాసుల కథల్లోనూ వీరు ఏడుగురు అక్కచెల్లెళ్లే.

గెలీలియో 1610లో దూరదర్శినితో చూసి 36 తారలను గీశాడు. అట్లాస్, ప్లయోనీ అనే రెండు తారలు ఇప్పుడు కంటికి ఒక్కటిగా తోస్తాయని, లక్ష ఏళ్ల కిందట ఎడంగా ఉండి ఏడూ కనిపించేవని, కథ అప్పటిదే కావచ్చని 2021లో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తారల కదలికను కొలవవచ్చు, కథ వయసును అలా కొలవలేం. ఏడును పవిత్రంగా ఎంచిన వేర్వేరు జాతులు విడివిడిగానే ఈ లెక్కకు వచ్చి ఉండవచ్చు కనుక, దీన్ని ఊహగానే తీసుకోవాలి.